మూసలో పోసిన మనుషులు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9న జరిగే సభల్లో మనం భూమి గురించి, అటవీ హక్కుల చట్టం గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. అవి తప్పకుండా మాట్లాడుకోవలసినవే. నాకంటే బాగా తెలిసినవాళ్లు ఉదయం నుంచి వాటి మీద చెప్పారు. నాకు అప్పగించిన పని వేరు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకు పనికొచ్చే పుస్తకాల గురించి చెప్పమన్నారు. నేను ఎంచుకున్నవి పోటీ పరీక్షల పుస్తకాలు కావు, నవలలు. అందులోనూ డిస్టోపియా నవలలు అని పిలిచే ఒక రకం నవలలు.

మంచి రాజ్యం ఎలా ఉంటుందో ఊహించి రాసిన పుస్తకాలు ఎప్పటినుంచో ఉన్నాయి. 1516లో థామస్ మోర్ అనే ఇంగ్లండు రచయిత అలాంటి దీవి ఒకటి ఊహించి దానికి 'యుటోపియా' అని పేరు పెట్టాడు. దానికి తలకిందులైనది డిస్టోపియా. రేపటి లోకం చెడిపోతే ఎలా చెడిపోతుందో చూపించే కథ అన్నమాట. ఇలాంటి కథలు చాలావాటిలో లోకం చెడిపోయినట్టు పైకి కనిపించదు. వీధులు శుభ్రంగా ఉంటాయి. ఆకలి ఉండదు, గొడవలుండవు. మనుషులు మాత్రం ఒకే మూసలో పోసినట్టు ఉంటారు. ఒకేలా తింటారు, ఒకేలా మాట్లాడతారు, ఒకేలా ఆలోచిస్తారు. ఎవరైనా కాస్త వేరుగా ఉంటే వాళ్లకేదో జబ్బు చేసిందనుకుంటారు.

ఈ నవలలు మనకెందుకని అడగొచ్చు. రాసినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, చదువుకున్నవాళ్లు. రేపు మా పిల్లలకు ఇలా జరుగుతుందేమోనని భయపడి రాశారు. వాళ్లు రేపటి భయంగా రాసినదాంట్లో చాలా భాగం లోకంలోని ఆదివాసులకు నిన్న జరిగిపోయింది. అందుకే ఈ పుస్తకాలు ఇతరులకంటే మనకు త్వరగా అర్థమవుతాయని నా నమ్మకం. కొన్నిచోట్ల రాసినవాళ్లకు కనిపించనిది కూడా మనకు కనిపిస్తుంది.

పేరు పోయి అంకె వచ్చింది

మొదటిది రష్యా నవల. రాసినవాడు యెవ్‌గెనీ జమ్యాటిన్, ఓడలు కట్టే ఇంజినీరు. 1920, 21 ప్రాంతంలో 'మేము' అనే పేరుతో రాశాడు. ఆయన దేశంలో దాన్ని అచ్చు కానివ్వలేదు. ముందుగా 1924లో ఇంగ్లిషు అనువాదం వచ్చింది. రచయిత సొంత దేశంలో అచ్చయ్యేసరికి 1988 అయింది.

ఆ నవలలోని రాజ్యంలో ఎవరికీ పేరు లేదు. కథ చెప్పేవాడి పేరు డి-503. అతని స్నేహితురాలు ఓ-90. ఇళ్ల గోడలన్నీ గాజువి. ఎవరేం చేస్తున్నారో అందరికీ కనబడాలి. అందరూ ఒకే నిమిషానికి నిద్ర లేస్తారు, ఒకే నిమిషానికి ముద్ద నోట్లో పెడతారు. ముద్దను యాభై సార్లు నమలాలని కూడా లెక్క ఉంది. రాజ్యం చుట్టూ పెద్ద గోడ. గోడకు అవతల అడవి, అక్కడ ఒళ్లంతా వెంట్రుకలతో స్వేచ్ఛగా తిరిగే మనుషులు.

డి-503కి ఇందులో ఏ లోటూ కనిపించదు. తన అంకె అంటే అతనికి గర్వం. ఒక స్త్రీని ప్రేమించాక అతనికి నిద్ర పట్టదు, కలలొస్తాయి. వైద్యుడి దగ్గరకు వెళితే, నీలో ఆత్మ పుట్టింది, ఇది ప్రమాదకరమైన జబ్బు అని చెబుతాడు. చివరికి మెదడులో ఊహ పుట్టే చోటును తీసేసే ఆపరేషన్ చేస్తారు. తాను ప్రేమించిన మనిషిని కళ్ల ముందు హింసిస్తుంటే అతను నిశ్చింతగా కూర్చుని చూస్తాడు. నవల అక్కడితో ముగుస్తుంది.

పాలించేవాడికి పేరుకంటే అంకెతో సుఖం. పేరు వెనక అమ్మ ఉంటుంది, ఇంటిపేరు ఉంటుంది, గోత్రం ఉంటుంది, ఊరు ఉంటుంది. అంకె వెనక ఇంకో అంకె ఉంటుంది. ఒకటి పోతే ఇంకొకటి వేసుకోవచ్చు.

మాట పోతే ఆలోచన పోతుంది

రెండోది మీలో కొందరు పేరు విన్న నవలే, జార్జ్ ఆర్వెల్ రాసిన '1984'. అచ్చయింది 1949లో. అందులో విన్‌స్టన్ స్మిత్ పాత పత్రికల్లోని వార్తలను ప్రభుత్వానికి కావలసినట్టు తిరగరాసే గుమాస్తా. అతనితో పనిచేసే సైమ్ నిఘంటువు తయారుచేసే పండితుడు. మామూలుగా నిఘంటువు కూర్చేవాళ్లు కొత్త మాట దొరికితే సంతోషిస్తారు. సైమ్‌కు మాటలను తీసేయడంలో సంతోషం. ఏటేటా నిఘంటువు సన్నబడుతుంది. ఒక భావానికి మాటే లేకుండా చేస్తే ఆ భావం ఎవరి తలలోకీ రాదని ప్రభుత్వం ఆశ. తిరగబడాలని అనిపించినా దాన్ని చెప్పుకోవడానికి మాట దొరకదు.

సైమ్ గురించి చదువుతుంటే నాకు మన గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. ఆగస్టు 29న ఆయన పుట్టిన రోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాచకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది, తర్వాత సవర నిఘంటువులు వచ్చాయి. ఆ భాష తెలిసిన సవరల దగ్గర కూర్చుని, విని, ఒక్కొక్క మాటే పోగేసిన పని అది. సైమ్ మాటలు తీసేస్తూ పోయాడు, పంతులు గారు, ఆయనకు మాట చెప్పిన సవరలు కలిసి మాటలు పోగేస్తూ పోయారు. భాష విషయంలో మనకున్న దారులు ఈ రెండే. మూడోదిగా కనిపించేది ఊరుకోవడం. అయితే ఊరుకుంటే జరిగేది సైమ్ పనే.

'1984'లో నాకు ఎక్కువ గుర్తుండిపోయింది ఒక పాట. లండన్ చర్చిల గంటల మీద పిల్లలు పాడుకునే పాత పాట అది. విన్‌స్టన్‌కు అది తెలియదు. ఒక పాతసామాను కొట్టువాడు కొంత చెబుతాడు. జూలియా అనే అమ్మాయికి ఇంకొంచెం తెలుసు. ఆమె చిన్నప్పుడు తాత పాడేవాడు. ఆమెకు ఎనిమిదేళ్లున్నప్పుడు ఆ తాతను ప్రభుత్వం మాయం చేసింది. ఇలా తలా ఒక ముక్క దొరుకుతుంది. చివరి ముక్క తెలిసినవాడు ప్రభుత్వంలోని పెద్ద అధికారి. తర్వాత విన్‌స్టన్‌ను హింసించేది ఆ అధికారే. కొట్టువాడు కూడా పోలీసే అని తేలుతుంది. మన పాట మనకు ముక్కలుగా మిగిలి, పూర్తి పాట ఇంకెవరి దగ్గరో ఉంటే మన పరిస్థితి ఏమిటో ఈ కథ చెబుతోంది.

ఎవరూ బలవంతం చేయలేదు

ఇప్పటిదాకా చెప్పినవి బలవంతం కథలు. మీ వయసువాళ్లకు ఇంకా దగ్గరివి మరో రెండున్నాయి.

అమెరికా రచయిత రే బ్రాడ్‌బరీ 1953లో 'ఫారన్‌హైట్ 451' రాశాడు. అందులో అగ్నిమాపక సిబ్బంది పని మంటలార్పడం కాదు, పుస్తకాలు తగలబెట్టడం. ఆ పనిచేసే మోంటాగ్‌కు అనుమానాలు మొదలవుతాయి. అతని పైఅధికారి బీటీ అతన్ని కూర్చోబెట్టి అసలు చరిత్ర చెబుతాడు. ఇదంతా ప్రభుత్వం ఆజ్ఞతో మొదలవలేదంటాడు. జనమే ముందు పుస్తకాలు మానేశారు. చదివితే బుర్ర పాడవుతుంది, పక్కవాడికంటే వేరుగా ఆలోచించాల్సి వస్తుంది, వేరుగా ఉంటే బాధ. అందరూ ఒకేలా ఉంటే ఎవరూ ఎవరినీ చూసి చిన్నబోనక్కర్లేదు. తగలబెట్టడం చివర్లో వచ్చింది, అప్పటికి అడ్డుపడేవాడే లేడు.

1993లో లోయిస్ లౌరీ పిల్లల కోసం 'ది గివర్' అనే నవల రాశారు. ఇంగ్లిషు తేలిక. ఈ పుస్తకాల్లో దేనితో మొదలుపెట్టాలని అడిగితే దీంతోనే అంటాను. ఆ ఊళ్లో బాధ లేదు, ఆకలి లేదు, కొండ కూడా లేదు. ఎగుడుదిగుళ్లుంటే ప్రయాణానికి కష్టమని నేలంతా చదును చేసేశారు. రంగులు కూడా కనిపించవు. జోనస్ అనే కుర్రాడికి పన్నెండేళ్లు వచ్చినప్పుడు ఊరి పాత జ్ఞాపకాలన్నీ మోసే పని అప్పగిస్తారు. అంతవరకూ ఆ జ్ఞాపకాలన్నీ ఒక ముసలాయన ఒక్కడే మోస్తున్నాడు. ఆయన దగ్గర జోనస్ మొదటిసారి మంచును, ఎండను, యుద్ధాన్ని, ప్రేమను తెలుసుకుంటాడు. బాధ తీసేస్తే దాంతోపాటు ఇంకేమేం పోయాయో వాడికి అప్పుడు అర్థమవుతుంది.

మీలో కొందరు పట్నంలో హాస్టళ్లలో ఉంటున్నారు. ఫోన్లో అమ్మ మన భాషలో మాట్లాడితే గది బయటకు వెళ్లి గొంతు తగ్గించి జవాబిచ్చేవాళ్లున్నారు. సోషల్ మీడియాలో ఇంటిపేరు కనబడకుండా పెట్టుకునేవాళ్లున్నారు. ఊరు అడిగితే గూడెం పేరు చెప్పకుండా మండల కేంద్రం పేరు చెప్పేవాళ్లున్నారు. వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. వెక్కిరింత ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. ఒక్క మాట మాత్రం గమనించండి. భాష మానేయమని మీకు చట్టం ఏదీ చెప్పలేదు. పక్క మంచం మీది కుర్రాడి నవ్వే ఆ పని చేసింది. బీటీ చెప్పిన చరిత్ర సరిగ్గా ఇదే.

కథ కాని కథ

ఇప్పుడు నవలలు కాసేపు పక్కన పెట్టి నిజంగా జరిగినవి చెబుతాను.

1879లో అమెరికాలో కార్లైల్ అనే చోట ఆదివాసీ పిల్లల కోసం ప్రభుత్వం ఒక హాస్టల్ బడి పెట్టింది. నడిపినవాడు రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి. పిల్లవాడిలోని ఆదివాసీని చంపి మనిషిని కాపాడాలన్నది ఆయన సిద్ధాంతం. ఆయన దాన్ని దయ అనే అనుకున్నాడు. అక్కడికి మొదట్లోనే వెళ్లిన లకోటా కుర్రాడొకడు పెద్దయ్యాక రచయిత అయ్యాడు. ఆయన పేరు లూథర్ స్టాండింగ్ బేర్. బడిలో నల్లబల్ల మీద తెల్లవాళ్ల పేర్లు రాసి, పిల్లల చేతికి ఒక కర్ర ఇచ్చి, ఏదో ఒకటి చూపించమన్నారట. పిల్లలకు అక్షరాలు రావు. ఆ గీతలేమిటో తెలియకుండానే ఆయన ఒకటి చూపించాడు. ఆ రోజు నుంచి ఆయన లూథర్. తర్వాత జుట్టు కత్తిరించారు, బట్టలు మార్చారు, సొంత భాషలో మాట్లాడకూడదన్నారు.

కెనడాలో ఇలాంటి బడుల్లోకి సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలు వెళ్లారు. చాలా బడుల్లో పిల్లలకు అంకెలు వేసి ఆ అంకెతోనే పిలిచేవారు. అనేకమంది పిల్లలు తిరిగి ఇంటికి రాలేదు. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. నిజనిర్ధారణ సంఘం తుది నివేదిక 2015లో వచ్చింది. జమ్యాటిన్ ఊహతో డి-503 అని రాస్తున్న రోజుల్లోనే కెనడా బడుల్లో పిల్లల చొక్కాల మీద నిజంగా అంకెలున్నాయి.

మన దేశం సంగతీ ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల వంటి తెగలు దాని కిందకొచ్చాయి. ఎవరో దొంగతనం చేశారని కాదు, ఫలానా తెగలో పుట్టారని రిజిస్టరులో పేరెక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు. పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. తాగనివాడు, దొంగిలించనివాడు, పాట పాడేవాడు, బుట్ట అల్లేవాడు, అందరూ రిజిస్టరులో ఒక్కటే. ఒక్కొక్క మనిషినీ విడిగా చూడకపోవడం అంటే ఇదే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఐదేళ్లు ఆగి, 1952 ఆగస్టు 31న ఆ తెగలను విముక్తం చేశారు. చట్టం పోయింది గానీ ఆ పేరు పెట్టి చూసే చూపు ఇంకా పూర్తిగా పోలేదని మనలో చాలామందికి తెలుసు.

రెండు మూసలు

ఇక ఆల్డస్ హక్స్‌లీ 1932లో రాసిన 'బ్రేవ్ న్యూ వరల్డ్'. ఈ నవలను చివరకు దాచుకోవడానికి కారణం ఉంది. ఇందులో మనలాంటివాళ్లు ఉన్నారు.

హక్స్‌లీ లోకంలో పిల్లలు అమ్మ కడుపున పుట్టరు, సీసాల్లో తయారవుతారు. ఒకే పిండం నుంచి తొంభై ఆరు మంది కవలల దాకా పుట్టించవచ్చు. నిద్రలో పాఠాలు చెప్పి ఎవరి పని మీద వాళ్లకు ఇష్టం కలిగిస్తారు. దిగులేస్తే సోమా అనే మాత్ర ఉంది. ఆ లోకానికి బయట, అమెరికాలోని న్యూ మెక్సికోలో, కరెంటు కంచె లోపల ఆదివాసులను వదిలేశారు. నాగరికులు అక్కడికి చూడటానికి వస్తుంటారు, జంతుప్రదర్శనశాలకు వచ్చినట్టు.

అక్కడ పెరిగినవాడు జాన్. వాళ్లమ్మ నాగరిక లోకం నుంచి వచ్చి తప్పిపోయిన మనిషి. జాన్ ఒంటి రంగు వేరు కాబట్టి ఊరివాళ్లు అతన్ని తమ క్రతువుల్లో చేరనివ్వరు. తర్వాత అతన్ని లండన్ తీసుకెళితే అక్కడ వింత వస్తువులా చూపిస్తారు. అక్కడా ఇముడలేడు. ఒంటరిగా బతకబోతే జనం హెలికాప్టర్లలో వచ్చి గుమిగూడతారు. చివరికి జాన్ ప్రాణం తీసుకుంటాడు.

హక్స్‌లీ నాగరికుల మూసను చక్కగా పట్టుకున్నాడు. ఆదివాసుల దగ్గరికొచ్చేసరికి తానే ఇంకో మూస తయారుచేశాడు. ఆ ఊళ్లో మురికి, కొరడా దెబ్బలు, డప్పులు, పాములు ఉంటాయి. తనదైన ఆలోచనున్న మనిషి, నవ్వించే మనిషి, వాదించే మనిషి దాదాపు కనబడడు. ఆ నవల రాసేనాటికి తాను న్యూ మెక్సికో చూడలేదని, దాని గురించి పుస్తకాలు చదివి రాశానని ఆయనే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. మూసలను విమర్శించే ఇంత గొప్ప నవల మనలాంటివాళ్లను మాత్రం మూసలోనే పోసింది.

మీరు రోజూ ఎదుర్కొనేవి ఈ రెండు మూసలే. మొదటిది, ఇంకా ఆ భాషేమిటి, ఆ కట్టేమిటి, మాలా ఉండు అంటుంది. రెండోది, జీన్స్ వేసుకున్నావు, ల్యాప్‌టాప్ వాడుతున్నావు, నువ్వు ఆదివాసీలా లేవే అంటుంది. ఆ రెండో మూసకు కావలసింది నెమలి ఈకలతో ఫొటోకు నిలబడే మనిషి. ఆ మనిషికి ఏ పాట ఇష్టమో, ఏ విషయంలో పెద్దవాళ్లతో గొడవపడతాడో దానికి అక్కర్లేదు. గుస్సాడీ ఆడేవాడు సాయంత్రం కోడ్ రాసుకోవచ్చు. కోయ మాట్లాడే అమ్మాయి ఖగోళశాస్త్రం చదవవచ్చు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. వైరుధ్యం చూసేవాడి కళ్లలో ఉంది.

1946లో హక్స్‌లీ ఆ నవలకు కొత్త ముందుమాట రాస్తూ ఒక లోపం ఒప్పుకున్నాడు. జాన్‌కు రెండే దారులు చూపించాననీ, మళ్లీ రాస్తే మూడో దారి ఒకటి ఇస్తాననీ అన్నాడు. ఆయన ఆ నవలను తిరగరాయలేదు. ఆ మూడో దారి ఏమిటో మనమే చూసుకోవాలి.

మంద వేరు, గూడెం వేరు

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది. ముఖ్యంగా చెల్లెళ్ల నుంచి వస్తుంది. మన గూడెంలో కూడా అందరూ ఒకేలా ఉండాలంటారు కదా, కట్టుబాటు దాటితే మాట పడాలి కదా, అది మూస కాదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దాన్ని దాటేసి సంస్కృతి గొప్పదని చెప్పి దిగిపోవడం నాకిష్టం లేదు.

'ది గివర్' లోంచే ఒక సంగతి చెబుతాను. ఆ ఊళ్లో కేలెబ్ అనే నాలుగేళ్ల పిల్లవాడు నదిలో పడి చనిపోతాడు. ఊరంతా కలిసి వాడి పేరు పలుకుతూ, గొంతు తగ్గిస్తూ తగ్గిస్తూ ఆపేస్తారు. అంతటితో వాడిని మరిచిపోతారు. కొన్నాళ్లకు ఆ తల్లిదండ్రులకు ఇంకో బిడ్డను ఇచ్చి, ఆ బిడ్డకూ కేలెబ్ అనే పేరు పెడతారు. పోయినచోట ఇంకొకటి పెట్టేశారు కాబట్టి లెక్క సరిపోయింది.

మన ఇళ్లలో కూడా తాత పేరు మనవడికి పెడతాం. తాతను మరిచిపోకుండా ఉండటానికి పెడతాం. మన దగ్గర ఎవరైనా పోతే ఆడవాళ్లు ఏడుస్తూ ఆ మనిషి ఏం తినేవాడో, ఎలా నడిచేవాడో, ఎవరికి ఏం పెట్టాడో ఒక్కొక్కటీ తలుచుకుంటారు. ఆ ఏడుపులో ఆ మనిషి ఇంకెవరిలాగానూ ఉండడు. మందకూ గూడేనికీ తేడా ఇదే. మందలో ఒకటి తగ్గితే లెక్క తగ్గుతుంది. గూడెంలో ఒకరు తగ్గితే ఫలానా మనిషి లేడని తెలుస్తుంది.

అయితే గూడెం ఎప్పుడూ గూడెంలాగే ఉంటుందన్న హామీ లేదు. జాన్‌ను దూరం పెట్టింది నాగరికులొక్కరే కాదు, అతను పెరిగిన ఊరు కూడా. చదువుకుంటానన్న అమ్మాయిని నోరు మూయించిన రోజు, ఎందుకని అడిగిన కుర్రాడిని నువ్వు మనవాడివే కాదన్న రోజు, వేరే ఆలోచన ఉన్నవాడిని వెలివేసిన రోజు, మన గూడెం కూడా గాజు గోడల ఊరైపోతుంది. అందుకే రెండు విషయాలు చూడండి. ఇక్కడ నన్ను పేరుతో ఎరుగుదురా? ఇక్కడ నేను ఎందుకని అడగొచ్చా? రెండింటికీ అవునన్న జవాబు వస్తే అది సమాజం. సంఘాలు నడిపే పెద్దలు కూడా ఈ పరీక్షకు నిలబడాలని వేదిక మీదున్నవాళ్లకు వినయంగా మనవి చేస్తున్నాను.

ఈ మూడో దారిని ఒక ఆదివాసీ రచయిత్రి చూపించారు. కెనడాకు చెందిన చెరీ డిమలైన్, మేటీ జాతి మనిషి. 2017లో 'ది మారో థీవ్స్' రాశారు. కెనడాలో పెద్ద సాహిత్య పురస్కారమైన గవర్నర్ జనరల్స్ అవార్డు ఆ పుస్తకానికి వచ్చింది. ఆ కథలో వాతావరణం చెడిపోయి లోకం అతలాకుతలమైంది. జనం కలలు కనే శక్తి కోల్పోయారు. ఆదివాసులకు మాత్రం ఇంకా కలలొస్తున్నాయి. ఆ శక్తి వాళ్ల ఎముకల మూలుగలో ఉందని ప్రభుత్వం వాళ్లను వేటాడి, పాత హాస్టల్ బడుల తరహాలో కట్టిన భవనాల్లోకి తోలుతుంది.

ఫ్రెంచీ అనే కుర్రాడు కొందరితో కలిసి ఉత్తరాన అడవుల్లోకి పారిపోతాడు. ఆ చిన్న బృందంలో ఒక నియమం ఉంది. తమ జాతికి ఏం జరిగిందన్న చరిత్రను రాత్రి మంట దగ్గర ఒక పెద్దాయన అందరికీ చెబుతాడు. అది అందరి కథ. ఒక్కొక్కరూ ఈ బృందంలోకి ఎలా వచ్చారన్నది ఆ ఒక్కరి కథ. దాన్ని ఆ మనిషి చెప్పాలనుకున్నప్పుడే చెబుతాడు. ఇంకెవరూ అడిగి లాగరు, వాళ్ల తరఫున చెప్పరు. అందరి కథా ఉంది, ఎవరి కథ వాళ్లకూ ఉంది. ఒకటి ఉంటే రెండోది ఉండదని జమ్యాటిన్, హక్స్‌లీ నవలలు చదివితే అనిపిస్తుంది. డిమలైన్ రెండూ ఒకే మంట చుట్టూ కూర్చోగలవని చూపించారు. ఆ బృందంలో మినర్వా అనే ముసలమ్మ ఉంటుంది. ఆమెను పట్టుకుపోయి యంత్రానికి కట్టేస్తే, ఆమె తన భాషలో పాడుతుంది, తన భాషలో కలగంటుంది. ఆ యంత్రం అది భరించలేక పాడైపోతుంది. భాష పాతసామాను అనుకునేవాళ్లకు నేను ఆ అధ్యాయం చదవమని చెబుతాను.

మీ చేతిలో ఉన్న పని

'ఫారన్‌హైట్ 451' చివర్లో పుస్తకాలన్నీ తగలబడ్డాక కొందరు ఊరవతల తిరుగుతుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పుస్తకాన్ని కంఠతా పట్టి మోస్తుంటారు. చదువుకున్న లోకానికి అది కొత్త ఊహలా అనిపించింది. మనకది పాత సంగతి. కోయ డోలీలు ఇంటిపేర్ల చరిత్రను, సమ్మక్క సారలమ్మ కథను నోటనే మోశారు. గోండుల గాథలను పర్ధాన్లు కిక్రీ మీద మోశారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు అలాంటి డోలి కళాకారులే. 2024లో ఆయన వెళ్లిపోయారు. అలాంటి ఒక్కొక్క మనిషి వెళ్లినప్పుడు ఎన్ని పుస్తకాలు వెళ్లిపోయాయో లెక్కపెట్టేవాళ్లు లేరు.

అందుకే ఇంటికి వెళ్లాక మూడు పనులు చేయమని అడుగుతున్నాను. డబ్బు అక్కర్లేనివే.

ఒకటి, మీ ఇంట్లోని పెద్దావిడకు తెలిసిన ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా ఫోన్లో రికార్డు చేయండి. అడిగి, ఆమె సరేనంటేనే చేయండి. ముక్క కాదు, పూర్తి పాట కావాలి. పాడింది ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పనిలో పాడతారు అన్నది కూడా ఆమె గొంతుతోనే చెప్పించండి. పేరు లేని జానపదం అని ఎవరూ రాయకుండా ఆమె పేరు రాసి పెట్టండి.

రెండు, మీ భాషలో రాయడం మొదలుపెట్టండి. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. సవరలకు 1936లోనే మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు, దానికీ యూనికోడ్‌లో చోటుంది. లిపి రాకపోతే తెలుగు అక్షరాల్లోనే రాయండి. రోజుకు ఐదు మాటలు చాలు. తెలుగులో సరిగ్గా చెప్పలేని మాటలతో మొదలుపెట్టండి. సైమ్ ముందుగా తీసేసేది వాటినే.

మూడు, మీ సొంత కథ రాయండి. జాతి కథ చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను ఎవరిని, నాకేం నచ్చుతుంది, ఇంట్లో ఏ విషయంలో నాకు ఒప్పుదల లేదు అన్నది మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. జమ్యాటిన్ నవల ఒక అంకె రాసుకున్న డైరీ. విన్‌స్టన్ మొదటి తిరుగుబాటు కూడా ఒక నోటుపుస్తకం కొని అందులో రాయడమే. ఇద్దరూ ఓడిపోయారు. వాళ్లిద్దరూ ఒంటరిగా రాశారు. మీరు అలా రాయనక్కర్లేదు. రాసింది తెచ్చి చదివి వినిపించడానికి ఈ సంఘం ఉంది. వినడానికి మేమున్నాం. వచ్చే ఏడాది ప్రత్యేక సంచికలో నాబోటివాళ్ల ప్రసంగాలు తగ్గి మీ రాతలు పెరగాలని సంపాదకులను ఇక్కడే అడుగుతున్నాను.

ఈ పుస్తకాల్లో కొన్నిటికి తెలుగు అనువాదాలున్నాయి, కొన్నిటికి లేవు. లేనివాటిని మీలో ఎవరైనా తెలుగులోకి, అంతకన్నా మంచిది మన భాషల్లోకి తేవచ్చు. చదువుతూ మీకు రచయితతో ఒప్పుదల కుదరనిచోట అంచున గీత పెట్టి, ఎందుకో రాయండి. హక్స్‌లీ రిజర్వేషన్ గురించి రాసిన పేజీల్లో గీతలు చాలా పడాలి.

 భోజనాల దగ్గర నన్ను పలకరించేవాళ్లు ముందు మీ పూర్తి పేరు, ఇంటిపేరు, గూడెం పేరు చెప్పి పలకరించండి. సెలవు. అందరికీ జోహార్.